పొలంగట్టు కలపతో బొమ్మబండి
(రెండెడ్ల బండిని పదో వంతు కొలతలో తయారుచేయు విధానము)

మీ గ్రామంలో రెండెడ్ల బండ్లు ఇప్పుడెన్ని ఉన్నవో ఒకసారి లెక్కించి చూడండి. ఒకప్పుడు ఇంటింటి ముందరను కాడి దించి నిలిపిన బండి, నేడు అనేక గ్రామాలలో పశువుల కొట్టం ప్రక్కన చెదలు పట్టి ఉన్నది. ట్రాక్టరు వచ్చిన తరువాత బండికి పని తగ్గినది. పని తగ్గినందుకు విచారించి ప్రయోజనం లేదు. కాని బండి పొయ్యిలోకి పోవుటకు ముందుగా దాని కొలతలు, దాని పొందిక, ఏ భాగానికి ఏ కలప ఎందుకు వాడిరో ఆ తెలివి మన పిల్లలకు అందవలెను. ఆ తెలివి కాగితం మీదకంటె చేతిలో బాగా నిలుచును. ఒక చక్కని బొమ్మబండిని చేసి చూచిన పిల్లవాడు అసలు బండిని జన్మలో మరువడు.

ఈ పనికి దూరదేశపు కలప అక్కరలేదు. మన కొండలలోను, చెరువు కట్టలమీదను, పొలంగట్ల మీదను పెరిగే చెట్లే చాలును. వేసవిలో పొలం పని తక్కువగా ఉండే దినాలలో ఇంటిల్లిపాదీ చేయదగిన పని ఇది. ఓపికగా చేసినచో ఇంటి పిల్లలకు ఆటవస్తువగును, పాఠశాలకు పాఠమగును, చేయి తిరిగిన తరువాత నాలుగు రూకలు కూడ తెచ్చును.

మన ప్రాంతపు పేరుపడిన పని

కొయ్యబొమ్మల పని మన ప్రాంతానికి క్రొత్త కాదు. విజయవాడకు సమీపాన ఉన్న కొండపల్లిలో ఆర్యక్షత్రియులు తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేయుచున్నారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, గీత కార్మికుడు ఎక్కిన తాటిచెట్టు, ఎడ్లబండి ఇవన్నీ అక్కడి బొమ్మలే. తెలంగాణలోని నిర్మల్‌లో కూడ పొణికి కర్రతోనే బొమ్మలు చేయుదురు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కరంగు పూసి, నున్నని బొమ్మలు చేయుదురు. అక్కడ ప్రకృతి రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించినది.

ఈ చోట్ల పని ఇన్ని తరాలు నిలుచుటకు కారణం చేతినేర్పు ఒక్కటే కాదు. దగ్గరలో తగిన చెట్టు ఉండుట రెండవ కారణము. చెట్టు దూరమైన కొలదీ కర్ర ప్రియమగును. కర్ర ప్రియమైన కొలదీ పనివాడు వేరు పని వెదకుకొనును. కనుక బొమ్మ పని నేర్చుకొను ప్రతివారు చెట్టు పని కూడ నేర్చుకొనవలెను. ఆ సంగతి ఈ వ్యాసం చివర చెప్పబడినది.

ముందుగా అసలు బండిని కొలవండి

పుస్తకంలోని బొమ్మను చూచి బండి చేయకండి. మీ ఊరి బండినే కొలవండి. కోస్తా బండికి, రాయలసీమ బండికి, తెలంగాణ బండికి తేడాలున్నవి. నల్లరేగడిలో తిరిగే బండి, రాతినేలలో తిరిగే బండి ఒక్క తీరుగా ఉండవు. మీ ఊరి వడ్రంగి మీ నేలను చూచి ఆ కొలతలు పెట్టినాడు.

ఒక టేపు, ఒక కాగితం, ఒక పెన్సిలు తీసికొని ఈ కొలతలు వ్రాసికొనండి: చక్రం ఎత్తు, నడిమి కుండ, అనగా ఇరుసు దూరే గుండ్రని దిమ్మె, దాని పొడవు, లావు, ఆకుల సంఖ్య, మందం, అంచున ఉండే వంపు చెక్కల, అనగా పూటీల, సంఖ్య, వెడల్పు, రెండు చక్రాల మధ్య దూరం, ఇరుసు పొడవు, నొగల పొడవు, పరుపు పొడవు, వెడల్పు, కాడి పొడవు.

ప్రతి కొలతను పదితో భాగించండి. అసలు బండిలో ఒక మీటరు ఉన్నది బొమ్మలో 10 సెంటీమీటర్లగును. ఈ ఒక్క నియమం తప్పకుండా పాటించినచో బొమ్మకు అసలు బండి కళ దానంతటదే వచ్చును. చాలామంది చక్రం చిన్నదిగాను, పరుపు పెద్దదిగాను చేయుదురు. అప్పుడది బండివలె ఉండదు, పెట్టెకు చక్రాలు తగిలించినట్లుండును.

ఈ వ్యాసంలో ఉదాహరణకు 150 సెం.మీ. ఎత్తు చక్రం గల బండిని తీసికొన్నాము. బొమ్మ చక్రం 15 సెం.మీ. ఉండును. మీ బండి కొలత వేరైనచో ఆ ప్రకారం మార్చుకొనండి.

ఏ భాగానికి ఏ కలప

బండి చేసిన పెద్దలు ప్రతి భాగానికి వేరు కలప ఎన్నుకొనిరి. బొమ్మలో కూడ అదే పద్ధతి మంచిది.

నల్లతుమ్మ: గట్టిగా, బరువుగా ఉండును, దెబ్బకు ఓర్చును. అసలు బండిలో కుండలకు, పూటీలకు వాడుక. బొమ్మలో కుండకు వాడండి. చేవ భాగాన్నే తీసికొనవలెను. పైనున్న తెల్లని భాగం పురుగు పట్టును.

చిరుమాను: ఇరుసుకు పేరుపడిన కర్ర. ఆంగ్లభాషలో దీనికి ఇరుసుకర్ర అనే అర్థం వచ్చే పేరే ఉన్నది. గట్టిదనంతోపాటు సాగుడు గుణం ఉండుటచేత వంగునే కాని తటాలున విరుగదు. దొరకనిచో నల్లతుమ్మ చేవనే ఇరుసుకు వాడవచ్చును.

టేకు: ఆరిన తరువాత వంకరపోదు. ఇంటి కిటికీలు, తలుపులు చేయగా మిగిలిన ముక్కలు నొగలకు, పరుపుకు, పూటీలకు సరిపోవును. క్రొత్తగా కొననక్కరలేదు.

వెదురు: ఆకులకు, మేకులకు, ప్రక్క ఊచలకు మంచిది. పీచు పొడవునా సాగి ఉండుటచేత సన్నగా చీల్చినా బలం తగ్గదు.

అంకుడు: పాలకొడిశ అని కూడ అందురు. తెల్లగా, సన్నని నేతతో ఉండును. తరిమెన మీద వెన్నవలె తెగును. తరిమెన పట్టే సౌకర్యం ఉన్నవారు కుండను అంకుడుతోనే చేయవచ్చును.

తెల్ల పొణికి: చాల తేలికైన మెత్తని కర్ర. చిన్న ఉలితో చెక్కవచ్చును. ఎడ్లు చేయుటకు దీనిని మించినది లేదు. బరువు మోసే భాగాలకు మాత్రం పనికిరాదు.

కలపను ఆరబెట్టుట

బొమ్మ చెడిపోవుటకు ముఖ్య కారణం పచ్చికర్ర. పచ్చికర్ర ఆరినప్పుడు ముడుచుకొనును. ఆ ముడుచుకొనుట అన్ని వైపుల సమానం కాదు. పొడవునా దాదాపు ఏమీ తగ్గదు. కర్ర అడ్డకోతలో కనిపించే గుండ్రని వలయాల వెంబడి తగ్గుట, నడిమి నుండి బెరడు వైపునకు తగ్గుటకంటె ఇంచుమించు రెండింతలుండును. అందుచేతనే పచ్చికర్రతో గుండ్రంగా కోసిన చక్రం ఆరిన తరువాత కోడిగ్రుడ్డు ఆకారానికి వచ్చును.

కనుక ఈ విధంగా చేయండి. కొట్టిన కర్రకు వెంటనే బెరడు తీయవలెను. అంకుడు, పొణికి వంటి తెల్లకర్రలకు బెరడు ఉంచినచో బూజు పట్టి నీలిమచ్చలు వచ్చును. కావలసిన మందానికి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా పలకలు కోయండి. పలకల రెండు చివరలకు పేడ, బంకమన్ను కలిపి మెత్తండి; తేమ చివరలనుండి త్వరగా పోయి పగుళ్లు పుట్టకుండ ఇది కాపాడును. నీడలో, గాలి ఆడే చోట, పలకకు పలకకు మధ్య సన్నని పుల్లలు పెట్టి పేర్చండి. ఎండలో ఆరవేయరాదు.

ఆరినదో లేదో తెలిసికొనుటకు సులభమైన మార్గమున్నది. ఒక ముక్కను గుర్తుపెట్టి వారానికొకసారి తూచండి. బరువు తగ్గుచున్నంతకాలం కర్ర ఇంకను పచ్చిదే. మూడు వారాలు వరుసగా ఒకే బరువు తూగినచో పని మొదలుపెట్టవచ్చును. కొండపల్లి పనివారు పొణికి కర్రను సన్నని సెగమీద నెమ్మదిగా కాచి తేమను పోగొట్టుదురు. క్రొత్తవారు సెగ పెట్టినచో కర్ర కమిలిపోవును గనుక నీడ ఆరుదలే మేలు.

వెదురును చీల్చుటకు ముందు కొన్ని వారాలు నీటిలో నానబెట్టి, తరువాత నీడలో ఆరబెట్టినచో పురుగు తక్కువగా పట్టును.

కావలసిన పనిముట్లు

సన్నని పళ్ల రంపం, 6 మి.మీ. ఉలి, చిన్న చిత్రిక, చేతి బర్మా, 3 మి.మీ., 8 మి.మీ. రంధ్రాలు చేసే మొనలు, ఆకురాయి, ఉప్పుకాగితం, మూలమట్టం, వృత్తలేఖిని. వడ్రంగులు వాడే తెల్లని జిగురు అంగడిలో దొరకును. ఇంతకు మించి అక్కరలేదు. ఉలిని నూరి పదునుగా ఉంచుకొనండి. మొద్దు ఉలికి ఎక్కువ బలం పెట్టవలసి వచ్చును. జారి చేయి తెగునది అప్పుడే.

చక్రము చేయు విధానము

బండికంతటికి చక్రమే ప్రాణము. దీనికి తొందర పనికిరాదు.

ఒకే పలకనుండి చక్రాన్ని గుండ్రంగా కోసి, దాని మీద ఆకులు గీసి సరిపెట్టకండి. అట్టి చక్రంలో కర్ర పీచు ఒకే దిక్కున ఉండును. పీచు అడ్డంగా తెగిన రెండు చోట్ల అంచు మొదటి దెబ్బకే ఊడును. అసలు చక్రంలో పూటీలను ముక్కలుగా చేసి కలుపుటకు ఇదే కారణం. ముక్కలు చేసినప్పుడు ప్రతి ముక్కలోను పీచు అంచు పొడవునా ఉండును.

కుండ: నల్లతుమ్మ చేవలో 32 మి.మీ. పొడవు, 32 మి.మీ. చదరం గల ముక్క తీసికొనండి. గుండ్రం చేయుటకు ముందే నడుమ 8 మి.మీ. రంధ్రం నిటారుగా చేయండి. తరువాత మూలలు చెక్కి ఎనిమిది పలకలు, పిదప పదహారు పలకలు చేసి, ఆకురాయితో 30 మి.మీ. లావుకు గుండ్రంగా తీయండి. రంధ్రం ముందుగా చేసినందువల్ల గుండ్రాన్ని ఆ రంధ్రమునుండే కొలుచుకొనవచ్చును, నడుమ తప్పదు.

ఆకులకు పన్నెండు గుర్తులు పెట్టుట: కుండ చుట్టూ సరిగా ఒక చుట్టు వచ్చేటట్లు కాగితపు పట్టీ కత్తిరించండి. దానిని మూడు సమభాగాలుగా మడవండి. ఆ మడతను సగానికి, మరల సగానికి మడవండి. విప్పి చూచినచో పన్నెండు సమభాగాలుండును. కుండకు చుట్టి గుర్తులు పెట్టి, ప్రతి గుర్తువద్ద 3 మి.మీ. రంధ్రం 6 మి.మీ. లోతున, నడిమికి సూటిగా చేయండి.

ఆకులు: వెదురును 5 మి.మీ. మందాన చీల్చి 58 మి.మీ. పొడవు గల పుల్లలు పన్నెండు చేయండి. ఒక చివర 6 మి.మీ., రెండవ చివర 4 మి.మీ. మేర 3 మి.మీ. లావుకు సన్నం చేయండి. మధ్యభాగం 48 మి.మీ. ఉండవలెను. పన్నెండూ ఒకే పొడవుండుట ముఖ్యము. ఒక్క ఆకు ఒక మిల్లీమీటరు పొడవైనా చక్రం గంతులు వేయును.

పూటీలు: అట్టముక్క మీద ఒకే నడుమనుండి 75 మి.మీ., 63 మి.మీ. వ్యాసార్ధాలతో రెండు వృత్తాలు గీయండి. వృత్తలేఖినిని 75 మి.మీ. వద్దనే ఉంచి బయటి వృత్తం మీద అడుగులు వేయుచు పోయినచో సరిగా ఆరు అడుగులకు బయలుదేరిన చోటికి వచ్చును. ఏ వృత్తమునకైనను దాని వ్యాసార్ధముతో ఆరు అడుగులే పట్టును. బడిపిల్లలకు ఈ సంగతి చేసి చూపించండి. ఆ ఆరింటిలో ఒక భాగాన్ని కత్తిరించి అచ్చుగా వాడండి. 25 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం గల టేకు బద్దమీద, పీచు పొడవు వెంబడి అచ్చును పెట్టి గీచి, చక్రానికి ఆరు చొప్పున కోయండి. ప్రతి పూటీ లోపలి అంచున రెండు ఆకులకు రెండు రంధ్రాలు చేయవలెను. అతుకులు ఆకుమీద పడరాదు. రెండు ఆకుల నడుమ పడవలెను.

కూర్పు: ముందుగా ఆకులన్నిటిని జిగురు రాచి కుండలో దించండి. తరువాత ఒక్కొక్క పూటీని రెండేసి ఆకులకు తొడగండి. ఆకులు రెండూ విచ్చుకొని ఉండును గనుక పూటీ తిన్నగా దిగదు. వేళ్లతో ఆ రెండు ఆకులను కాస్త దగ్గరకు నొక్కి తొడిగినచో దిగును. పెద్ద చక్రానికి వడ్రంగులు చేసేదీ ఇదే. పూటీల అతుకులలో జిగురు రాచి, చుట్టూ గట్టి నూలుతాడు వేసి, పుల్లతో మెలిపెట్టి బిగించి ఒక రాత్రి ఉంచండి.

కట్టు: అసలు చక్రానికి ఇనుప కట్టును ఎర్రగా కాల్చి తొడిగి నీరు పోయుదురు. ఇనుము చల్లారి ముడుచుకొని అతుకులన్నిటిని బిగించును. బొమ్మకు రేకు వాడకండి. దాని అంచు పిల్లల వేళ్లు కోయును. పాత సైకిలు ట్యూబునుండి 8 మి.మీ. వెడల్పు పట్టీ తీయండి. చక్రం చుట్టుకొలత 471 మి.మీ. పట్టీని 460 మి.మీ. పొడవే కోసి, పంక్చరు వేసే రబ్బరు జిగురుతో కొద్దిగా సాగదీసి అంటించండి. ఇనుప కట్టు చేసే పనినే ఇది చేయును. నేలమీద జారకుండ కూడ కాపాడును.

చక్రాన్ని ఒక మేకుకు తగిలించి త్రిప్పి చూడండి. అంచు ఎక్కడైన ఎత్తుగా ఉన్నచో కట్టు వేయుటకు ముందే ఆకురాయితో సరిచేయవలెను.

ఇరుసు, నొగలు, పరుపు

ఇరుసు పొడవు 19 సెం.మీ. నడిమి 10 సెం.మీ. భాగాన్ని 12 మి.మీ. చదరంగా ఉంచి, రెండు ప్రక్కల గుండ్రంగా తీయండి. కుండ రంధ్రం 8 మి.మీ. గనుక గుండ్రని భాగం 7½ మి.మీ. లావుండిన చాలును. బిగువుగా ఉన్నచో వానకాలంలో ఉబ్బి చక్రం తిరుగదు. చివరలను కడశీలలకు రంధ్రాలు చేయండి. కందెనకు బదులు కొద్దిగా తేనెమైనం రుద్దినచో చక్రం చప్పుడు లేక తిరుగును.

నొగలు రెండు, ఒక్కొక్కటి 36 సెం.మీ. పొడవు, వెనుక 8 మి.మీ. మందం, ముందు 6 మి.మీ. వెనుకవైపు వాటి మధ్య దూరం 9 సెం.మీ., కాడివద్ద 2 సెం.మీ. ఇరుసుమీద 15 మి.మీ. ఎత్తు దిండు పెట్టి, దానిపై నొగలను వెదురు మేకులతో బిగించండి. పరుపు 18 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు. సన్నని టేకు బద్దలను అడ్డంగా పరచండి. బద్దల నడుమ కాగితమంత సందు వదలినచో తేమకు ఉబ్బినా పైకి లేవవు. ప్రక్కలకు వెదురు ఊచలు గుచ్చి, కావలెనన్న సన్నని వెదురుపేళ్లతో తడక అల్లండి.

ఇరుసు పరుపుకు సరిగా నడుమ రాకూడదు. ముందు 10 సెం.మీ., వెనుక 8 సెం.మీ. ఉండేటట్లు చూడండి. ఎందుకో పిల్లలకు చూపించండి. బండిలో వెనుకవైపు గులకరాళ్లు పోసినచో నొగలు పైకి లేచును. అసలు బండిలో అట్లు జరిగినచో మెడకట్టు బిగిసి ఎద్దుకు ఊపిరాడదు. ముందు భాగాన మితిమీరి పోసినచో బరువంతా ఎడ్ల మెడమీద పడును. సరిగా సర్దినచో కాడి మెడమీద తేలికగా కూర్చుండును. బండి నింపుటలో మన తాతలు చూచుకొన్న లెక్క ఇదే.

కాడి, ఎడ్లు

కాడి పొడవు 15 సెం.మీ. తేలికైన కర్ర మేలు. నొగల చివరను నూలుతాడుతో కట్టండి, మేకు కొట్టవద్దు. కాడి కొంచెం కదలవలెను. గుంటలో ఒక ఎద్దు దిగినప్పుడు కదలని కాడి రెండవదాని మెడను త్రిప్పును.

ఎడ్లను బండి పూర్తియైన తరువాతనే చేయవలెను. పరుపు మట్టంగా ఉండేటట్లు నొగల క్రింద ఏదైన ఆనించి, నేలనుండి కాడి అడుగుకు ఎంత ఎత్తున్నదో కొలవండి. ఎద్దు మెడ అంత ఎత్తుండవలెను. మూపురం, తల ఆ పైన వచ్చును.

పొణికి కర్రతో మొండెం ఒక ముక్కగా చెక్కండి. కాళ్లు, కొమ్ములు, తోక వేరుగా చేసి అతకవలెను. అన్నీ ఒకే దిమ్మెలో చెక్కినచో కాళ్లలో పీచు అడ్డంగా పడి విరుగును. కాలి పొడవునా పీచు ఉండవలెను. ఒంగోలు జాతి ఎద్దు చేయువారు పెద్ద మూపురం, వ్రేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు మరువరాదు. మీ ఊరి ఎద్దు వేరు జాతిదైనచో దానినే చూచి చేయండి.

అతుకులకు కొండపల్లి వారి మక్కు మంచిది. చింతగింజలను వేయించి, నానబెట్టి, పై ఎర్రతొక్క తీసి, మెత్తగా నూరి నీటిలో ఉడికించినచో చిక్కని జిగురగును. దానిలో జల్లెడపట్టిన రంపపుపొట్టు కలిపినదే మక్కు. అతుకులు పూడ్చుటకు, మూపురాన్ని, గంగడోలును తీర్చుటకు ఇది పనికివచ్చును. పలుచగా పెట్టి, ఆరిన తరువాత మరొక పొర పెట్టవలెను. ఒకేసారి మందంగా పెట్టినచో పగులును.

రంగు, పిల్లల క్షేమము

బండికి రంగు అక్కరలేదు. టేకు, తుమ్మ, వెదురు సహజమైన రంగులే అందము. సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, కొద్దిగా తేనెమైనం పట్టించి గుడ్డతో మెరుగుపెట్టండి. ఎడ్లకు సుద్దను చింతగింజల జిగురులో కలిపి తెల్లని పూత వేయవచ్చును. కొమ్ములకు, గిట్టలకు కరక్కాయ కషాయంలో ఇనుపముక్కలు వేసి కొన్ని దినాలుంచగా వచ్చే నలుపు చాలును. తరిమెన ఉన్నవారు కుండకు లక్క పట్టించవచ్చును. తిరిగే కర్రకు లక్కకడ్డీ ఆనించినచో రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. మొగలి ఆకుతో రుద్దినచో మెరుగు వచ్చును.

ఇంట్లో మిగిలిన పాత ఎనామిలు రంగులను బొమ్మలకు పూయకండి. పాత రంగులలో సీసం ఉండవచ్చును. పసిపిల్లలు బొమ్మను నోట పెట్టుకొందురు. సీసం కొద్దికొద్దిగా ఒంట్లో చేరినా పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. పోయినది తిరిగి రాదు. మన దేశంలో ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని 2016లో నియమం చేయబడి, 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చినది. డబ్బామీద ఆ సంగతి చదివిన తరువాతనే ఏ రంగైనను కొనండి.

చిన్న ముక్కల విషయంలోను జాగ్రత్త అవసరం. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను 31.7 మి.మీ. వ్యాసం గల గొట్టంతో పరీక్షింతురు. ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనను పసివాని గొంతులో అడ్డుపడగలదు. కడశీల, కొమ్ము అట్టివే. కాబట్టి ఈ వివరమైన బండి పెద్దపిల్లలకే తగినది. పసిపిల్లలకు ఊడే ముక్కలు లేని, మొద్దు చక్రాల బండి చేసి ఇవ్వండి.

అమ్మదలచిన వారికి

బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2020లో వెలువడి, 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. దాని ప్రకారం పధ్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమీషనరు వద్ద నమోదైన చేతిపనివారు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇవ్వబడినది. కనుక సంతలో అమ్ముటకు ముందే చేతిపనివారుగా నమోదు చేయించుకొనుట మంచిది. కొండపల్లి, ఏటికొప్పాక పేర్లకు భౌగోళిక గుర్తింపు ఉన్నది గనుక, మీ ఊరి బొమ్మను ఆ పేరుతో అమ్మరాదు. మీ ఊరి పేరుతోనే అమ్మండి. మీ ఊరి బండి కొలతలే దానికి విలువ తెచ్చును.

గట్టుమీద చెట్టు

కర్ర వాడువాడే చెట్టు నాటవలెను. అంకుడు మొక్క పెంచుట సులభము. దాని కాయలు జంటలుగా వ్రేలాడును. పండి పగులకముందే కోయవలెను. పగిలినచో గింజలు దూదిపోగులతో గాలికెగిరిపోవును. గింజలను సంచులలో విత్తి, తొలకరి వానలు బాగుగా పడిన తరువాత గట్లమీద మూడేసి మీటర్ల దూరాన నాటండి. మొదలు కొట్టినా మరల చిగిర్చును. తరిమెన పనికి లావైన మాను అక్కరలేదు. కొమ్మలు కూడ పనికివచ్చును.

పొణికి రాళ్లనేలలకు, కొండవాలులకు తగినది. దీని గింజ పెంకు గట్టిది, మొలక తక్కువ. అందుచేతనే కొట్టిన చోట తిరిగి త్వరగా రాదు. ఓపికగా ఎక్కువ గింజలు విత్తి, మొలచిన వాటిని కాపాడవలెను. నల్లతుమ్మ గింజలమీద మరిగిన నీరు పోసి, చల్లారిన తరువాత ఒక దినం నానబెట్టి విత్తినచో బాగుగా మొలచును. పంటచేను గట్టున దీని నీడ పైరును తగ్గించును గనుక చెరువు గర్భాలలోను, బంజరులోను పెంచుట మేలు.

అడవిలోని చెట్టును అనుమతి లేక కొట్టుట నేరము. సొంత పొలంలోని చెట్టుకు కూడ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం వర్తించును. కొట్టుటకు ముందు గ్రామాధికారిని అడిగి తెలిసికొనండి.

గ్రామాధికారులకు మనవి

మీ గ్రామంలో మిగిలిన బండిని ఈ వేసవిలోనే బడిపిల్లలచేత కొలిపించండి. చక్రాలు చేసిన వృద్ధ వడ్రంగి ఉన్నచో ఆయనను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టండి. ఏ భాగాన్ని ఏమందురో, ఏ కర్ర ఎందుకు వాడిరో ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాయించి, ఆ కాగితాన్ని బడిలో భద్రపరచండి. ఈ వ్యాసంలోని పేర్లకంటె మీ ఊరి పేర్లే మీకు సరియైనవి.

ఒక బొమ్మబండికి పట్టే కర్ర చారెడు. ఆ చారెడు కర్రకు బదులుగా ఒక మొక్క నాటుట పెద్ద భారం కాదు. బండి చేసిన ప్రతి పిల్లవాని చేత ఒక అంకుడు మొక్కను గట్టుమీద నాటించండి. వాడు పెద్దవాడగునాటికి ఊరిలో బండి ఉండకపోవచ్చును. దాని కొలత, దానికి తగిన కర్ర, ఆ కర్రనిచ్చే చెట్టు మాత్రం ఊరిలోనే ఉండును.